ముందు తిరుగు బండి సంగతి చూడండి

(మహబూబ్‌నగర్‌లో అడవి నడకల మీద ఆసక్తి ఉన్న యువతీయువకుల సమావేశంలో ఆర్టీసీ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

బూట్లు, బ్యాగులు, టెంట్ల గురించి ఇందాక మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నాకు ఆ విషయాలు అంతగా తెలియవు. నేను డిపోలో పని చేసి రిటైరైనవాణ్ని. బస్సు ఎప్పుడు పోతుంది, ఎప్పుడొస్తుంది, ఎందుకు రాదు అన్నదే నా చదువు. మీ నిర్వాహకులు కూడా అదే చెప్పమన్నారు. నడక మొదలయ్యే చోటుకు ఎట్లా చేరాలి, ముగిసే చోటు నుంచి ఎట్లా బయటపడాలి. నాకు తెలిసి నూటికి తొంభై జట్లు మొదటి ప్రశ్న మీదే కూర్చుంటాయి. రెండోదాని గురించి అడిగితే "అక్కడికి పోయాక చూసుకుందాంలే" అంటాయి. ఆ 'లే' దగ్గరే టెన్షన్ అంతా ఉంది.

నడకలు రెండు రకాలు. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే తిరిగి వచ్చేవి ఒక రకం. ఉమామహేశ్వరం కొండ ఎక్కి దిగడం అట్లాంటిది. బండి కింద పెడతాం, దిగి వచ్చి ఎక్కుతాం, గొడవ లేదు. రెండో రకం, ఒక చోట అడవిలోకి దిగి ఇంకో చోట తేలేవి. నడిచేవాళ్లకు అసలు మజా వాటిలోనే. చూసిన దారే మళ్లీ చూడాల్సిన పని లేదు. కాకపోతే బండి ఒక కొసన, మనం ఇంకో కొసన మిగిలిపోతాం.

మీరంతా ఎరిగిన ఉదాహరణ చెప్తాను. సలేశ్వరం, నల్లమల లోయలో జరిగే లింగమయ్య జాతర. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులే అడవి శాఖ దారి వదులుతుంది. మిగతా రోజుల్లో అది పులుల అడవి, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా, మనం అడుగు పెట్టకూడదు. ఆ లోయలోకి రెండు వైపుల నుంచి జనం వస్తారు. శ్రీశైలం రోడ్డు మీద ఫరహాబాద్ దగ్గర లోపలికి తిరిగి, రాంపూర్ పెంట అనే చెంచుల గూడెం దాకా బండ్లలో పోయి, అక్కడి నుంచి కొండ దిగి నడిచేది ఒకటి. లింగాల మండలం అప్పాయపల్లి వైపు నుంచి కాలినడకన పోయేది ఇంకొకటి. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యా", తిరిగేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అనుకుంటూ నడుస్తారు. మన పాత తరం లింగాల నుంచి నడిచిపోయి లింగాలకే నడిచొచ్చేవాళ్లు. ఇప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారంటే, అప్పాయపల్లి దగ్గర బైకులు పెట్టి నడుస్తారు. లోయలోకి దిగేసరికి కాళ్లు పీకుతుంటాయి. అటు రాంపూర్ పెంటలో బండ్లు కనబడుతుంటాయి. "అటు పోదాం పా" అని ఒకడంటాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. తీరా మన్ననూరులో తేలాక గుర్తొస్తుంది, బైకులు అప్పాయపల్లిలో ఉన్నాయని. నడిచిన దారి తక్కువే, రోడ్డు మీద అచ్చంపేట మీదుగా అడవి అంచు చుట్టి పోవాలి. జాతర రద్దీలో అది ఒక పూట పని.

అడవిలో నడిచే దూరానికీ, ఆ రెండు కొసల మధ్య రోడ్డు దూరానికీ సంబంధం ఉండదు. ప్లాన్ వేసేవాళ్లు మొదట కాగితం మీద రాసుకోవాల్సింది ఈ రెండో అంకె. నడక ఎన్ని కిలోమీటర్లు అని అందరూ అడుగుతారు. రోడ్డు ఎన్ని కిలోమీటర్లు అని అడిగినవాణ్ని నేను నాయకుడిగా పెట్టుకుంటాను.

దీనికి లోకంలో అందరూ చెప్పే ఉదాహరణ అమెరికాలో గ్రాండ్ కాన్యన్. మీలో కొందరి అన్నలూ అక్కలూ అక్కడే ఉన్నారు, పోయి చూసే ఉంటారు. ఆ లోయకు ఉత్తరపు అంచు, దక్షిణపు అంచు ఎదురెదురుగా ఉంటాయి. పక్షి ఎగిరితే 16 కిలోమీటర్లు. లోయలోకి దిగి, కొలరాడో నది దాటి, అవతల ఎక్కితే సుమారు 38 కిలోమీటర్ల నడక. కారులో పోతే దాదాపు 345 కిలోమీటర్లు, నాలుగైదు గంటల ప్రయాణం. అందుకే అక్కడ ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నడిచేవాళ్ల కోసమే షటిల్ వ్యాన్లు పుట్టాయి. సీటు ముందే బుక్ చేసుకోవాలి. పైగా ఉత్తరపు అంచు చలికాలంలో మంచుతో మూతబడుతుంది. 2025 జులైలో కార్చిచ్చు వచ్చి అక్కడి పాత లాడ్జి కాలిపోయింది, ఆ అంచంతా మూసేశారు. అంటే బండి దొరుకుతుందా అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఆ కొస ఆ నెలలో తెరిచి ఉందా?

మనకు ఇంత దగ్గరలోనే అట్లాంటి దారి ఒకటుంది. కర్నూలు అవతల, ఇప్పటి నంద్యాల జిల్లాలో, ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కి శ్రీశైలం చేరే పాత కాలిదారి. శివరాత్రికీ ఉగాదికీ వేల మంది నడుస్తారు. ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల గుంపులను మీరు మన రోడ్ల మీదే చూసి ఉంటారు. నడక నలభై కిలోమీటర్ల పైమాటే. అదే ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి బస్సులో పోతే దోర్నాల చుట్టి నూరు కిలోమీటర్లు దాటుతుంది.

ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే మన జిల్లా వాళ్లకు ఈ దారి వాటంగా కుదురుతుంది. చాలామందికి అది తట్టదు. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలుకు రైలుంది, జడ్చర్ల పోయి హైవే మీద ఎక్కితే బస్సులున్నాయి. కర్నూలు నుంచి ఆత్మకూరుకు బస్సు. ఆత్మకూరు నుంచి వెంకటాపురానికి ఆటో. నడక అయిపోయాక శ్రీశైలంలో హైదరాబాద్ బస్సు ఎక్కితే అది దోమలపెంట, మన్ననూరు మీదుగా మనవైపే వస్తుంది. కల్వకుర్తి క్రాస్‌లో దిగితే జడ్చర్ల, అక్కడి నుంచి ఇల్లు. గుండ్రంగా ఒక చుట్టు తిరిగినట్టు. పోయిన దారిన రావాల్సిన పనే లేదు. ఇట్లాంటి చోటికి కారు వేసుకుపోవడమంటే ఏనుగును కొని అంకుశం కోసం వెతుక్కోవడమే. ఆత్మకూరులో పెట్టిన ఆ కారు కోసం మళ్లీ దోర్నాల చుట్టి రావాలి.

అయినా కారు కావాలనే వాళ్లుంటారు. సరే, లెక్క చూద్దాం. రెండు కార్ల పద్ధతి అందరికీ తెలుసు. ఒకటి ముగిసే చోట పెట్టి, రెండోదానిలో మొదలయ్యే చోటికి రావడం. మీరు రెండు కార్లలో మన్ననూరు మీదుగా శ్రీశైలం పోయారనుకోండి. ఒకటి అక్కడ వదిలి, రెండోదానిలో ఆత్మకూరు రావాలి, నూరు కిలోమీటర్లు. నడక అయ్యాక శ్రీశైలం కారులో మళ్లీ ఆత్మకూరు పోవాలి, ఇంకో నూరు. అంటే నడకకు ముందు ఒక రోజు, తర్వాత ఒక పూట స్టీరింగ్ మీదే పోతుంది. అది కూడా సర్దుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. మధ్యలో ఒక్క కారే తిరుగుతుంది కదా, జట్టు మొత్తం ఆ ఒక్క కారులో పట్టాలి. బ్యాగులతో సహా. రెండు కార్లున్నాయి కాబట్టి ఎనిమిది మంది పోవచ్చని లెక్క వేసుకుంటారు. నలుగురే పోవచ్చు. ఐదోవాడు ఉన్నాడంటే తుఫాన్ లాంటి పెద్ద బండి మాట్లాడుకోవడం మేలు.

ఇక తాళాలు. నవ్వకండి, ఈ పద్ధతి చెడిపోయేది ఎప్పుడూ తాళాల దగ్గరే. ముగిసే చోట కారు పెడతారు. తాళం జేబులో వేసుకుని రెండో కారు ఎక్కుతారు. దారిలో ఎండకు షర్టు మారుస్తారు, లేదా తాళాన్ని గేరు పక్కన గుంతలో పడేస్తారు. మొదలయ్యే చోట కారు లాక్ చేసి నడక మొదలు. ఇప్పుడు ముగిసే చోటి కారు తాళం మొదలయ్యే చోటి కారులో ఉంది. రెండు రోజులు నడిచి వచ్చి కారు అద్దంలో మీ మొహం మీరు చూసుకోవాలి. అందుకని అడుగు వేసే ముందు ఒకరు గట్టిగా అడగాలి, "అవతలి బండి తాళం చూపెట్టు" అని. చెప్తే చాలదు, చూపెట్టాలి. చూపెట్టాక అది బ్యాగు లోపలి చిన్న జిప్పులో, కొక్కేనికి తగిలించి ఉండాలి. రిమోట్ తాళమైతే ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి, వాగు దాటేటప్పుడు తడిస్తే అది మొండికేస్తుంది. రెండో తాళం ఇంకొకరి బ్యాగులో ఉండాలి. రెండు తాళాలూ ఒకడి దగ్గరే ఉంటే రెండోది ఉన్నా లేనట్టే.

ఇంకో పద్ధతుంది, పెద్ద జట్లకు బాగుంటుంది. సగం మంది ఇటు నుంచి, సగం మంది అటు నుంచి నడవడం. మధ్యలో కలుస్తారు, కలిసి వంట చేసుకుంటారు, తాళాలు మార్చుకుంటారు, ఎవరి దారిన వాళ్లు పోతారు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఒక జట్టులో ఎవరికైనా కాలు మెలిక పడి వెనక్కి తిరిగితే? మధ్యలో కలవడమే ఉండదు. అవతలి జట్టు ముందుకు నడిచి కొసకు చేరుతుంది, బండి ఉంటుంది, తాళం ఉండదు. అందుకే తాళాలు మధ్యలో మార్చుకోవద్దు, బయల్దేరే ముందే స్పేర్ తాళాలు మార్చుకోండి. మధ్యలో కలిస్తే సంతోషం, కలవకపోయినా ఇల్లు చేరతారు.

ఇప్పుడు నా అసలు మాట. నడకకు రెండు కొసల్లో ఎక్కడో ఒక చోట ఎదురుచూడక తప్పదు. బస్సు కోసమో ఆటో కోసమో డ్రైవర్ కోసమో. ఆ ఎదురుచూపు మొదట్లోనే అయిపోయేట్టు చూసుకోండి. మొదట్లో మీ దగ్గర నీళ్లున్నాయి, తిండి ఉంది, ఫోన్ నిండా చార్జింగ్ ఉంది, ఒంట్లో ఓపిక ఉంది. ఊరి మధ్యలో ఉన్నారు. బస్సు రెండు గంటలు లేటయితే టీ తాగుతారు. చివర్లో ఇవేవీ ఉండవు. చీకటి పడుతుంటుంది, కాళ్లకు బొబ్బలు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. అదే రెండు గంటలు అక్కడ నరకం. కాబట్టి సొంత బండి ఒక్కటే ఉంటే అది ముగిసే చోట ఉండాలి, మొదలయ్యే చోటికి బస్సులో పోవాలి. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. ఇంటి నుంచి కారులో నేరుగా నడక మొదలయ్యే చోటికి పోతారు, చివర్లో ఏదో ఒకటి దొరక్కపోతుందా అంటారు.

బస్సులో పోవాలంటే మాకు టైమింగ్స్ ఎట్లా తెలుస్తాయి అంటారు మీరు. మా డిపో భాషలో నైట్ హాల్ట్ అని ఒకటుంది. సాయంత్రం డిపో నుంచి బయల్దేరి, చివరి ఊరికి చేరి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లవారుజామున అదే బండి తిరిగి టౌనుకు వస్తుంది. పొద్దున కూరగాయలు, పాలు, కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి పోయే ముసలివాళ్లు, అందరూ దానిలోనే. అడవి అంచు ఊళ్లకు చాలావాటికి ఇదే దిక్కు. దీని నడక తెలిస్తే మీ ప్లాన్ సగం తయారైనట్టే. మొదలయ్యే ఊరికి నైట్ హాల్ట్ బండి చాలా మంచిది. సాయంత్రం దిగుతారు, బడి వరండాలోనో గుడి దగ్గరో అడిగి పడుకుంటారు, చల్లపొద్దున నడక మొదలుపెడతారు. ముగిసే ఊరికి మాత్రం అదే బండి గుండెలు తీస్తుంది. సాయంత్రం ఏడింటికి మీరు నడిచి ఊళ్లోకొస్తారు, ఎదురుగా ఎర్రగా బస్సు నిలబడి ఉంటుంది, కడుపు నిండినట్టవుతుంది. డ్రైవర్ లుంగీ కట్టుకుని మంచం వేసుకుంటూ "పొద్దుగాల్నే సారూ" అంటాడు. అందుకని నైట్ హాల్ట్ ఊళ్లో ముగిసే నడకైతే, ఆ రాత్రి అక్కడే పడుకుంటామని ముందే రాసుకోండి. రాసుకుంటే అది ప్లాన్, రాసుకోకపోతే అది ఇబ్బంది.

ఇంకొక సంగతి. జాతర స్పెషల్స్ ఉన్నాయి కదా, బస్సులకేం కొదవ అనుకుంటారు. స్పెషల్‌కు వేసే బస్సులు ఆకాశం నుంచి ఊడిపడవు. ఊళ్లకు తిరిగే సర్వీసుల్లోంచే కొన్నిటిని తీసి వేస్తారు. శివరాత్రి రోజుల్లో శ్రీశైలానికి బస్సు దొరుకుతుంది, మీ పక్క ఊరికి దొరక్కపోవచ్చు. ముందు రోజు డిపో ఎంక్వైరీకి ఫోన్ చేసి "రేపు ఈ బండి నడుస్తుందా" అని అడగండి. "నడుస్తుందా" అని అడగాలి, "ఎన్నింటికి" అని కాదు. ఎన్నింటికి అంటే బోర్డు చూసి టైము చెప్తారు, అది రేపు నడుస్తుందో లేదో ఎవరూ చూడరు. ఫోన్ యాప్‌లో చూసుకోవచ్చు కదా అని ఇందాక ఒక తమ్ముడు అన్నాడు. బస్సు ఎక్కడుందో చూపే ఆర్టీసీ గమ్యం యాప్ 2023 ఆగస్టులో వచ్చింది, దూరపు సర్వీసులకు పనికొస్తుంది. ఊరి బండి గురించి మాత్రం ఆ ఊరి టీ కొట్టు ఆయన్ని మించిన యాప్ లేదు.

అమ్మాయిలకు ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీకు జీరో టికెట్, అంటే ఉచితం. బ్యాగులో ఆధార్ మర్చిపోవద్దు. అది రాష్ట్రం సరిహద్దు దాకానే. అవతలి రాష్ట్రంలో ఉచితం ఆ రాష్ట్రం ఆడవాళ్లకే, కాబట్టి కర్నూలు, ఆత్మకూరు వైపు టికెట్ డబ్బులు చేతిలో ఉంచుకోండి. నోట్లే ఉంచుకోండి. అడవి పక్క ఊళ్లో ఆటో ఆయనకు ఫోన్‌పే ఉన్నా, సిగ్నల్ ఉండాలి కదా.

గేట్ల సంగతి గట్టిగా చెప్పాలి. శ్రీశైలం రోడ్డు మన్ననూరు నుంచి దోమలపెంట దాకా పులుల అడవిలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర గేట్లు వేస్తారు. అవతల దోర్నాల రోడ్డులోనూ అంతే. ఇది మీ నడకను ఎట్లా పట్టుకుంటుందంటే, శ్రీశైలంలో సాయంత్రం ఏడు దాటాక బయల్దేరితే దోమలపెంట గేటు దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఘాట్ రోడ్డు, డ్యామ్ దగ్గర ఒక లారీ అడ్డం తిరిగిందంటే అయిపోయింది. కైలాసద్వారం దగ్గర పైకెక్కాక క్షేత్రానికి ఇంకా కొన్ని కిలోమీటర్లుంటుంది, దర్శనం లైనుంటుంది, భోజనం ఉంటుంది. మధ్యాహ్నం దాటి కైలాసద్వారం ఎక్కినవాళ్లు ఆ రాత్రి సత్రంలోనే అనుకోవాలి. గేటు తొమ్మిది అన్నారు కదా అని వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోండి, నడక ఆ రోజు పొద్దున ఎన్నింటికి మొదలు కావాలో అదే చెప్తుంది.

బండి అద్దెకు మాట్లాడుకునేవాళ్లకు. దింపడం ఎవరైనా చేస్తారు. వచ్చి ఎక్కించుకోవడమే కష్టం. డ్రైవర్ వైపు నుంచి ఆలోచించండి. రెండు రోజుల క్రితం ఎవరో పిల్లలు అడవిలోకి పోయారు, ఫోన్ కలవదు, నిజంగా వస్తారో రారో తెలియదు, మధ్యలో పెళ్లి కిరాయి వచ్చింది. ఆయన ఏం చేస్తాడు? పెళ్లికే పోతాడు, నేనైనా అంతే. కాబట్టి ఆయనకు పెళ్లి కిరాయి వదులుకునేంత కారణం మీరివ్వాలి. దింపేటప్పుడు దింపిన డబ్బు చేతిలో పెట్టండి, తీసుకుపోవడానికి కొంత అడ్వాన్సు ఇవ్వండి, మిగతాది ఎక్కాక. గంటకు ఎంత వెయిటింగ్, బత్తా ఎంత అన్నది నవ్వుతూ ముందే తేల్చుకోండి. "నాలుగింటికి రా" అనొద్దు. "నాలుగు నుంచి చీకటి పడేదాకా ఉండు, రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయి" అనండి. ఆ నంబరు మీతో నడిచేవాళ్లది కాదు, ఇంట్లో ఉండేవాళ్లది. ఇంట్లో ఉన్న మనిషి దగ్గర ఒక కాగితం ఉండాలి. ఎక్కడ దిగాం, ఎక్కడ తేలతాం, డ్రైవర్ నంబరు, బండి నంబరు, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలి. ఈ కాగితం రాయడానికి పది నిమిషాలు పడుతుంది, దానికి బద్ధకిస్తారు.

డ్రైవర్‌కు చోటు చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. ఈగలపెంట, దోమలపెంట రెండూ ఆ రోడ్డు మీద పక్కపక్కనే ఉన్నాయి. ఫోన్‌లో గరగర మధ్య 'పెంట' ఒక్కటే వినబడుతుంది. రాంపూర్, రంగాపూర్, లక్ష్మాపూర్ అన్న ఊళ్లు మన దగ్గర అడుగడుక్కీ. మండలం పేరు, రోడ్డు పేరు, పక్కనున్న గుడో చెక్‌పోస్టో కలిపి చెప్పండి. వీలైతే దింపే రోజే ఆయన్ని ముగిసే చోటు చూపించమనండి, లేదా అదే దారిలో పోయిన డ్రైవర్‌నే మాట్లాడుకోండి.

బండి పార్కింగ్ గురించి రెండు ముక్కలు. అడవి పక్కన ఖాళీ జాగా కనబడిందని రోడ్డు దిగి పెట్టొద్దు. నల్లమలలో ఫిబ్రవరి నుంచి ఎండుటాకు మోకాలి లోతు ఉంటుంది. అప్పటిదాకా నడిచిన కారు కింద సైలెన్సర్ కాలుతూ ఉంటుంది. ఆకు అంటుకుంటే మీ కారుతో పాటు అడవీ పోతుంది. గట్టి నేల మీదే పెట్టండి, అదీ ఊళ్లో, ఎవరి వాకిట్లోనో, పంచాయతీ ఆఫీసు దగ్గరో, అడిగి. లోపల బిస్కట్ పొట్లం కూడా ఉంచొద్దు. శ్రీశైలం రోడ్డు కోతులకు కారు అద్దాల్లోంచి కనబడేదంతా తమదే. వైపర్లు పీకడం వాటికి ఆట. పెట్రోలు అచ్చంపేటలోనో కల్వకుర్తిలోనో నింపుకుని పోండి. నడిచి అలిసి వచ్చాక బంకు వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

హిమాలయాలకు పోయే పిల్లలు కూడా ఉన్నారు కదా ఇక్కడ. హంప్తా పాస్ పోయినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మనాలి దగ్గర జోబ్రాలో మొదలవుతుంది, 4,270 మీటర్ల కనుమ దాటి అవతల లాహౌల్ వైపు ఛత్రూలో దిగుతుంది. ఇటు పచ్చటి లోయ, అటు గడ్డి పరక మొలవని కొండలు. ఏజెన్సీతో పోతే బండి వాళ్లే పంపుతారు, మీకు తెలియను కూడా తెలియదు. సొంతంగా పోయేవాళ్లు మాత్రం ఛత్రూలో బండి ముందే మాట్లాడుకోవాలి. 2020 అక్టోబర్‌లో అటల్ సొరంగం తెరిచాక రోహ్తాంగ్ ఎక్కకుండానే మనాలి చేరొచ్చు. కానీ ఛత్రూ నుంచి గ్రాంఫూ దాకా రాళ్ల రోడ్డే, వాగులు రోడ్డు మీదే పారతాయి. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగు పెరుగుతుంది. డ్రైవర్ "పొద్దున్నే రండి" అంటే బేరం ఆడుతున్నాడనుకోవద్దు. ఏజెన్సీ ప్యాకేజీ కొనేవాళ్లు ఒకటే అడగండి, "చివరి రోజు మమ్మల్ని ఎక్కడ దింపుతారు, ఎన్నింటికి?" రాత్రి తొమ్మిదికి దింపేటట్టయితే ఆ రాత్రికే ఢిల్లీ వోల్వో టికెట్ తీసుకోకండి.

అనుమతుల గురించి ఎక్కువ చెప్పను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోవడం నేరం. జాతర రోజుల్లో, శాఖ ఒప్పుకున్న దారిలో, లేదా మన్ననూరు నుంచి శాఖ నడిపే సఫారీలో పోండి. దొంగచాటుగా పోయేవాళ్లకు నేను బండి ప్లాన్ చెప్పను.

ఇక మీరు అడగండి.

(ఒక యువతి: సార్, అమ్మాయిలమే ఐదుగురం. చివర్లో బస్సు తప్పిపోతే ఏం చేయాలి?)

మంచి ప్రశ్న అమ్మా. తప్పిపోతుందనే అనుకుని బయల్దేరండి. ముగిసే ఊళ్లో ఒక ఇల్లు ముందే చూసి పెట్టుకోండి. ఆశా వర్కర్ ఇల్లో, అంగన్‌వాడీ టీచర్ ఇల్లో. ఫోన్‌లో మాట్లాడితే "రండి బిడ్డా" అననివాళ్లు మన పల్లెల్లో తక్కువ. అబ్బాయిలకు కూడా ఇదే చెప్తాను, వాళ్లు వినరు.

(ఇంకొకరు: బైకుల మీద పోతే ఈ గొడవ ఉండదు కదా సార్?)

ఉంటుంది. రెండు బైకులు, నలుగురు మనుషులు. ఒక బైకు ముగిసే చోట పెడితే దాని మీద ఇద్దరే తిరిగి వస్తారు. హెల్మెట్లు ఎక్కడ పెడతావు? నడుస్తూ మోస్తావా? బైకు ఒక్కటి ముగిసే చోట పెట్టుకుని, చివర్లో ఒకడు పోయి ఆటోనో పెద్ద బండినో పిలుచుకొచ్చేటట్టయితే బాగుంటుంది. అట్లా చేసేవాళ్లను చూశాను, తెలివైన పని.

(నల్లగొండ నుంచి వచ్చిన ఒకరు: సాగర్ నుంచి లాంచీలో శ్రీశైలం పోయి రావాలని ఉంది. ఏది ముందు పెట్టుకోవాలి?)

లాంచీ పోవడానికే పెట్టుకో తమ్ముడూ, రావడానికి బస్సు. టూరిజం వాళ్ల లాంచీ నీళ్లను బట్టి, టికెట్లను బట్టి నడుస్తుంది. సాగర్‌లో రద్దయితే నువ్వు ఇంటికి దగ్గరలోనే ఉంటావు, నాగార్జునకొండ చూసి వచ్చేస్తావు. శ్రీశైలంలో రద్దయితే నెత్తిన చేతులు పెట్టుకోవాలి. బండి సాగర్‌లో పెట్టకు, నల్లగొండ నుంచి బస్సులో పో. వచ్చేటప్పుడు శ్రీశైలంలో పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కి డిండిలో దిగు. అక్కడి నుంచి దేవరకొండ, దేవరకొండ నుంచి నల్లగొండ. డిండిలో దిగాక దేవరకొండ బండి ఎప్పుడుందో ఎక్కే ముందే కండక్టర్‌ను అడుగు, తెలియకపోతే ఆయనే ఇంకో కండక్టర్‌కు ఫోన్ చేసి చెప్తాడు.